బొటనవేలి సొట్ట

"ఈ గుంట ఏదో ఒకరోజు పరిగెడతా పరిగెడతా ఆయాసం ముదిరిపోయి ఆ బీచి రోడ్డు మీదే పడిపోద్ది. ఎవులో ఫోన్ సేసి సెప్తారు. నాను హార్బర్లో టబ్బు కాడ కూకుని ఉంటాను."

మనసులో అనుకోవలసిన మాట పైకే అనేశాను. ఆశ గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. తల కూడా ఎత్తలేదు.

"పడిపోతే లెగుస్తానమ్మా. ముందు ఆ అంబలి ఇలా ఇయ్యి. ఐదయిపోతంది."

గ్లాసు అందించాను. నిలబడే గడగడా తాగేసి, మూతి తుడుచుకుని, పేట సందులోంచి రోడ్డు మీదకు వెళ్ళిపోయింది. గ్లాసు అడుగున ఏమైనా తెల్లగా మిగిలిందేమోనని వెలుతురులో పెట్టి చూసుకున్నాను. ఏమీ లేదు. కడిగి బోర్లించాను.

ఆ గ్లాసులో ఏముందో ముందే చెప్పేస్తాను. చోడిపిండి, అదే రాగిపిండి అంబలి, మజ్జిగ, ఉప్పు, ఎల్లారావు డాక్టరు ఇచ్చిన మాత్ర ఒకటి. మాత్రను చెంచాతో నలిపి, పొడి చేసి కలిపేదాన్ని. ఆ సంగతి ఆశకు తెలియదు.

ఎందుకు కలిపానంటే, దానికి చిన్నప్పటి నుంచీ పిల్లికూతలు. చలిగాలి తగిలినా, దుమ్ము లేచినా గుండెల్లో కుయ్ కుయ్ మంటుంది. హుద్ హుద్ తుఫాను నాటికి దానికి పదకొండేళ్ళు. మా పెదజాలారిపేటలో సగం ఇళ్ళకు రేకులు లేవు. రోడ్ల మీద ఎక్కడి చెట్లు అక్కడే పడి ఉన్నాయి. ఆటో లేదు, కరెంటు లేదు, ఫోన్ మోగదు. ఆ మధ్యాహ్నం దాని పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. దానికి ముందు పుట్టిన మగపిల్లాడు పదకొండో రోజునే పోయాడు. ఇదీ పోతుందనుకున్నాను. అప్పుడు ఎల్లారావు పడిపోయిన చెట్ల మీద నుంచి దాటుకుంటూ, మోకాళ్ళు గీరుకుపోయి, చేతిసంచీతో వచ్చాడు. సూది వేశాడు. గంటలో పిల్ల కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. ఆయన పెద్ద చదువు చదివిన డాక్టరు కాదు. పేటలో అందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసినా ఆయన్ని డాక్టరనే అంటాం.

ఆనాటి నుంచి కూత వచ్చిందంటే ఆయన పొట్లమే. కాగితంలో పది తెల్లమాత్రలు చుట్టి ఇస్తాడు. వాటి మీద పేరూ ఊరూ ఉండవు. రెండేళ్ళ కిందట ఆశ తనంతట తనే ఆస్పత్రికి వెళ్ళి, నోట్లో పెట్టుకుని పీల్చే పంపు తెచ్చుకుంది. ఇంక పొట్లం మందులు ముట్టనంది. పంపు ఒకసారి మొదలుపెడితే జన్మంతా వదలదని నేను విన్నాను. వద్దని ఏడ్చాను, వినలేదు. ఆగస్టులో పరుగు మొదలుపెట్టేసరికి నాకు నిద్ర పట్టడం మానేసింది. ఎల్లారావు దగ్గరకు వెళ్ళి, "పరిగెడతందట బాబూ, ఊపిరాడకపోతే ఏటి గతి" అన్నాను. "రోజుకొకటి ఏసెయ్యి. కూత దరిదాపులకి రాదు" అన్నాడు. నిజంగానే రాలేదు.

దాని పరుగు ఊరికే సరదాకి కాదు. కానిస్టేబుల్ రాతపరీక్ష మొదటిసారికే పాసయింది. ఇంక మైలు దూరం వాళ్ళు పెట్టిన టైములో పరిగెత్తాలి. పరుగుకి పిలుపు ఫిబ్రవరిలో వస్తుందన్నారు. బీచి రోడ్డులో పిల్లలకు నేర్పే శ్రీరామ్మూర్తి మాస్టారి దగ్గర చేరిననాడు దాని బరువు అరవై ఆరు. ఎనిమిది కేజీలు తగ్గితే ఉద్యోగం నీదే అన్నారట ఆయన.

ఆ మాట పట్టుకుని అది నోరు కట్టేసుకుంది. అన్నం ఒక్క పూటే, అదీ గుప్పెడు. వేపుడు వాసన వస్తే వీధిలోకి పోయేది. కానాగంత చేపలకు ఉప్పూ పసుపూ రాసి, చుక్క నూనె లేకుండా ఆవిరి మీద ఉడికించుకునేది. సాయంత్రం కీరాముక్కలు. వాళ్ళ నాన్న పన్నెండు రోజులు వేటకు పోయి, బోటు దిగి, కూతురికని జిలేబీ తెస్తే, "నాన్నా, నువ్వు తింటంటే నాను సూత్తాను" అని ఎదురుగా కూర్చుంది. పొద్దున్న గంటన్నర పరుగు, సాయంత్రం మేడ మెట్లు ఎక్కడం, దిగడం. ఒక్కరోజు మానలేదు.

ప్రతి ఆదివారం హార్బరుకి వచ్చి, వేలంపాట ముగిశాక చేపల టబ్బులు తూచే కాటా ఎక్కేది. నా పక్కన కూర్చుని అమ్మే దుర్గ కాటా ముందు నిలబడి అంకె చదివేది. సెప్టెంబరులో అరవై ఏడు. దీపావళికి అరవై తొమ్మిది. జనవరి మొదటి ఆదివారం డెబ్బై మూడు.

"దుర్గత్తా, టబ్బు బరువు తీసీలేదేమో సూడు," అంది ఆశ.

"నీకు టబ్బేటే. నువ్వే టబ్బు," అంది దుర్గ. పిల్ల మొహం చూసి నాలుక్కరుచుకుంది. "ఉండవే, కాటా పాడయిందేమో." తను ఎక్కింది. "లేదమ్మా. నాది మాత్రం సరిగ్గానే సూపిత్తంది పాపిష్టిది."

చుట్టుపక్కల ఆడవాళ్ళు నవ్వారు. ఆశ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక ఆ పూట తినే గుప్పెడన్నం కూడా మానేసింది. అప్పుడు నా భయం ఇంకో దారి పట్టింది. తినకుండా చస్తుందేమోనని ఒక భయం, పరిగెత్తి చస్తుందేమోనని ఒక భయం. ఆ రెండూ కాక, ఏమీ తినని ఒంటికి బరువెక్కడిదని మూడో భయం. కడుపులో గడ్డేమో. మల్కాపురంలో మా పిన్నికూతురికి అలాగే కడుపు లావెక్కితే అందరూ నీళ్ళోసుకుందనుకున్నారు, తీరా గడ్డ. ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేశాను. ఘాటు రాలేదు. అదీ భయమే.

సంక్రాంతి వెళ్ళిన వారం ఏడుస్తూ ఇంటికొచ్చింది. పరుగులో అందరికంటే వెనకబడిందట. శ్రీరామ్మూర్తి మాస్టారు పాతికమంది ముందు, "నోరు కట్టుకోలేనిదానివి నీకు పోలీసు ఉద్యోగం దేనికి, ఇంట్లో దొంగతిండి మానెయ్ ముందు" అన్నారట.

మర్నాడు నేను దాని వెనకాలే వెళ్ళాను. ఆయన విజిల్ మెడలో వేసుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు.

"బాబూ, నా కూతురు దొంగతిండి తినదు. నాను కళ్ళారా సూత్తన్నాను."

"తల్లులందరూ అలాగే సెప్తారమ్మా."

"నా కడుపు మీద ఒట్టు. సోడంబలి తాగుద్ది, ఉడకబెట్టిన సేప తింటాది. అంతే."

ఆయన పిల్లల వైపు చూస్తూ అన్నారు. "ఇరవయ్యేళ్ళుగా సూస్తన్నానమ్మా నేను. ఇంత కష్టపడితే రాయైనా అరుగుద్ది. దాని ఒంట్లోకి ఎక్కడినుంచో ఏదో ఎళ్తంది. అదేటో మీరే కనిపెట్టాల."

దారిపొడవునా ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను. మా పిల్లకు గడ్డ ఉందేమో, కిడ్నీ పోయిందేమో అని ఈయనకు తట్టదేం అనుకున్నాను. అంబలి గ్లాసు నాకు గుర్తుకే రాలేదు. మందు తిండి కాదు కదా.

ఆ సాయంత్రమే అది మంచం మీద వెల్లకిలా పడుకుని, "అమ్మా, కాళ్ళు తీపులు పుడతన్నాయి, నూనె రాయవా" అంది. పాదం ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. చీలమండ పైన బొటనవేలితో నొక్కి వేలు తీశాను. నొక్కినచోట సొట్ట పడింది. అలాగే ఉండిపోయింది.

ముప్ఫై ఏళ్ళుగా చేపలు కొంటున్నాను. పాటలో ఎవరేం చెప్పినా వినను. కోనాం వీపు మీద బొటనవేలు పెట్టి నొక్కుతాను. కండ వెంటనే పైకి లేచిందా, మంచి సరుకు. సొట్ట అలాగే ఉందా, ఐసు నీళ్ళలో రోజులు నాని ఒళ్ళంతా నీరు పట్టిన చేప. అది కాటా మీద బరువు తూగుతుంది గాని అందులో కండ ఉండదు. అలాంటిదాన్ని పక్కకు తోసేస్తాను.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ సొట్ట.

అప్పుడు దాన్ని చేపను చూసినట్టు చూశాను. తల్లిలా చూసినన్నాళ్ళూ కనబడనివి కనబడ్డాయి. మొహం బూరెలా గుండ్రంగా ఉంది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చేతులు మాత్రం సన్నం. చొక్కా పైకి జరిగినచోట కడుపు మీద వంకాయరంగు చారలు.

"ఏటమ్మా, ఆపీసావు," అంది.

"రేపు పెద్దాసుపత్రికి పోదాం."

"రేపు నాకు పరుగుంది."

"నాను సచ్చిపోయినా పరుగుకే ఎల్తావా."

"ఇప్పుడు సచ్చిపోయేది నువ్వా, నానా? ఒకటి తేల్చుకో," అంది. కాని నా మొహం చూసి సరేనంది.

ఆస్పత్రిలో చూసిన డాక్టరమ్మ నడివయసు మనిషి, నెమ్మదస్తురాలు. ఆశ మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కడుపు మీద చారలు చూసింది. కాలు నొక్కింది, నాలాగే. అంతా విన్నాక కుర్చీ దగ్గరకు జరిపింది.

"ఏమైనా మాత్రలు వాడుతున్నావా అమ్మా?"

"లేదు మేడమ్. పంపు ఒకటే. అదీ ఎప్పుడో."

"పొట్లం మందులు? నొప్పులకని, ఆయాసానికని ఊళ్ళో ఇస్తుంటారు. పేరు లేని తెల్లమాత్రలు. వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రోజూ వేసుకుంటే మొహం ఇలాగే ఉబ్బుతుంది. నువ్వు ఎంత కట్టడిగా తిన్నా, ఎంత పరిగెత్తినా బరువు పెరుగుతూనే ఉంటుంది. కండ కరుగుతుంది, నీరు పడుతుంది."

"చిన్నప్పుడు ఏసుకునేదాన్ని. రెండేళ్ళయింది మానేసి."

"నిజం చెప్పు. నేను తిట్టను."

"నిజమే మేడమ్."

డాక్టరమ్మ దానివైపు చూసిన చూపులో మాస్టారి చూపే ఉంది. తర్వాత నావైపు తిరిగింది. "మీకేమైనా తెలుసా అమ్మా?"

నా బొడ్డుసంచీలో ఆ పొట్లం ఉంది. అంతకు ముందురోజే కొత్తది తెచ్చాను. సంచీ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేకపోయాను. ఆ గదిలో ఇద్దరు నర్సులు, బయట తోసుకుంటున్న జనం. చెబితే నా కూతురు ఇంక నా చేతి నీళ్ళు కూడా తాగదు, ఏ హాస్టలుకో పోతుంది, నేను చచ్చినా రాదు. ఇన్ని ఆలోచనలు క్షణంలో వచ్చాయి. నిజం చెప్పాలంటే, దాని కాలు సంగతి ఆ క్షణంలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"నాకేటీ తెల్దమ్మా," అన్నాను.

రక్తపరీక్ష రాసిచ్చింది. బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఆశ చీటీని మడతలు పెడుతూ, విప్పుతూ ఉంది.

"డాక్టరమ్మ నన్ను అబద్దాలకోరుని సూసినట్టు సూసింది," అంది. "మాస్టారూ అంతే. గ్రౌండులో నా పక్కన పరిగెత్తే గుంటలూ అంతే. అద్దంలో సూసుకుంటే నాకే అనుమానమొత్తంది, నిద్దట్లో లెగిసి తినేత్తన్నానేమోనని. నువ్వొక్కదానివే అమ్మా నన్ను నమ్మతన్నది."

అప్పుడు నేను బొడ్డుసంచీ విప్పి పొట్లం తీసి దాని ఒళ్ళో పెట్టాను.

"ఎల్లారావు మందు," అన్నాను. "రోజూ నీ అంబల్లో కలిపేదాన్ని. పరుగు మొదలెట్టిన కాడి నుంచి. నలిపి కలిపేదాన్ని. నీకు ఊపిరాడకపోతే నానెక్కడుంటానో, ఎవులు సూత్తారో అని. లావెక్కుతావని నాకు తెల్దే. లోపల అడిగినప్పుడు తెలిసీ సెప్పలేదు."

అది పొట్లం విప్పింది. మాత్రలు లెక్కపెట్టలేదు, ఊరికే చూసింది. తర్వాత లేచి డాక్టరమ్మ గదిలోకి నడిచింది. నేను వెనకాల వెళ్ళాను. పొట్లం బల్ల మీద పెట్టి, "ఐదు నెలల నుంచి రోజుకొకటి మేడమ్. నాకు తెలీకుండా," అంది. ఎవరు పెట్టారో చెప్పలేదు. చెప్పక్కరలేకపోయింది.

డాక్టరమ్మ నన్ను తిట్టింది. తక్కువే తిట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఈ మాత్ర ఒక్కసారిగా ఆపకూడదు, ఆపితే ప్రాణం మీదకు వస్తుంది. తను పేరున్న మందు రాస్తుంది, వారం వారం తగ్గించుకుంటూ పోవాలి. మొహం వాపు తీయడానికి నెలలు పడుతుంది. పరుగు ఇప్పుడు వద్దు, నడవాలి. కూతకి పంపే మంచిది, అది ఊపిరితిత్తుల్లోకే పోతుంది, భయం లేదు.

"ఫిబ్రవరిలో నాకు ఫిజికల్ ఉంది మేడమ్," అంది ఆశ.

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది. "ఈసారికి వదిలెయ్యమ్మా."

ఆశ తల ఊపింది. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా వెళ్ళి ముందు నిలబడింది.

ఆ రోజు నుంచి అది నాతో మాట్లాడలేదు. కోపంతో గిన్నెలు విసరలేదు, వాళ్ళ నాన్న ఫోన్ చేస్తే నామీద చెప్పలేదు. ఊరికే మాట్లాడలేదు. తన అంబలి తనే కాచుకునేది. పిండి డబ్బా, ఉప్పు డబ్బా, మజ్జిగ గిన్నె తన ట్రంకుపెట్టె పక్కకు మార్చుకుంది. మజ్జిగ గిన్నె మీద మూతకి తాడు కట్టింది.

ఎల్లారావు దగ్గరకు వెళ్ళాను. అరుద్దామనే వెళ్ళాను. ఆయన అరుగు మీద ఎవరికో జ్వరం చూస్తున్నాడు. "గుంటకి కూత రాలేదు కదా సిట్టెమ్మా, మరేటి," అన్నాడు. నాకు ఆయన గీరుకుపోయిన మోకాళ్ళే గుర్తొచ్చాయి. అరవలేకపోయాను. ఇంట్లో మిగిలిన పాత పొట్లం ఆయన అరుగు మీద పెట్టి, "ఇంకెవులికీ ఇలగ రోజూ ఇయ్యకు బాబూ" అని వచ్చేశాను.

దుర్గకు చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలేలా ఉంది. దుర్గ మా ఇంటికొచ్చి ఆశ ఎదురుగా చతికిలబడింది.

"ఒలే, మీయమ్మ విషమెట్టలేదు కదే."

ఆశ పుస్తకంలోంచి తలెత్తలేదు.

"పోనీ నన్నేనా తిట్టు. నిన్ను టబ్బన్నాను కదా."

ఆశ పేజీ తిప్పింది. దుర్గ వెళ్తూ గుమ్మంలో నాతో గుసగుసగా, "నువ్వేటీ సెయ్యకు ఒదినా. నీకు సేతకాదు గాని, ఏటీ సెయ్యకుండా కూకో," అంది.

కూర్చున్నాను. ఫిబ్రవరిలో పరుగు రోజు వచ్చింది, వెళ్ళింది. ఆ పొద్దున్న అది పిలుపుకాగితం చదువుకుని, మడిచి ట్రంకులో పెట్టుకుంది. బూట్లు వేసుకుని నడకకు వెళ్ళింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. పడిపోతావని అనలేదు. నోటిదాకా వచ్చింది, మింగాను. అది పంపు తీసి జేబులో వేసుకోవడం చూశాను. నా ఎదురుగానే, నాకు కనబడేలా వేసుకుంది.

ఆ తర్వాత ఆదివారం హార్బరుకు వచ్చింది. నేను పిలవలేదు. వచ్చి కాటా ఎక్కింది. దుర్గ వంగి అంకె చదివింది. డెబ్బై రెండుంబావు. ఎవరూ నవ్వలేదు. దిగి, నా టబ్బులో కానాగంతల మీద ఒకసారి బొటనవేలు పెట్టి నొక్కి చూసుకుని, ఇంటికి వెళ్ళిపోయింది.

సోమవారం తెల్లవారింది. అప్పటికి మాట లేక ఇరవై మూడు రోజులు. ఆశ గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. పొయ్యి ఇంకా వెలిగించలేదు. నేను దానికి రెండడుగుల దూరంలో, గోడకు ఆనుకుని, రోజూ అడిగే మాటే అడిగాను. రోజూ జవాబు రాని మాటే.

"అంబలి నాను కాసీదా?"

ఒక తాడు ముడి వేసింది. రెండోది ముడి వేసింది. బూటు మీద దుమ్ము అరచేత్తో దులిపింది. సముద్రం మీద బోటొకటి ఇంజను చప్పుడు చేసుకుంటూ దూరమైపోయింది. నేను ఇంక లోపలికి వెళ్దామని తిరిగాను.

"కాయ్," అంది వెనక నుంచి. "సగం ముందు నువ్వు తాగాల. నా ఎదురుగుండా. తరవాత నాను తాగుతాను."